ఎక్కడ దిగాలి?

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన కార్యదర్శి గారు, "ఇంజనీరువి కదా, నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. కొత్త టెక్నాలజీ గురించి చెబుదామంటే ఆ సంగతులు నాకన్నా మీ పిల్లలకే బాగా తెలుసు. నాకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం పేరుతో దేశం తిరిగాను. పంపులూ మోటార్లూ బిగించి, నడిపించి చూపించి, అప్పజెప్పి రావడం నా పని. ఏడాదికి నూట యాభై రాత్రులు పరాయి ఊళ్లలో పడుకున్న సంవత్సరాలున్నాయి. అందుకని ఈ రోజు, పెద్ద ఊరు వెళ్లినప్పుడు ఏ పేటలో దిగాలి అన్నదాని గురించి మాట్లాడతాను. నవ్వుతున్నారు. నవ్వండి. చివరికొచ్చేసరికి ఇది నవ్వులాట విషయం కాదని మీరే అంటారు.

మన సోషల్ మాస్టారు పటం పని ఎలా చేయించేవారో మీకు గుర్తుందా? పటంలో ఊరి దగ్గర చుక్క పెట్టినంత మాత్రాన మార్కు వేసేవారు కాదు. "ఆ ఊరు అక్కడే ఎందుకుందిరా?" అని అడిగేవారు. రేవు ఉందనో, రైలు జంక్షననో, కాలవ తిరిగే చోటనో చెబితేనే మార్కు. నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

నిజానికి ఈ విద్య మనవాళ్లకు కొత్తేమీ కాదు. తిరుపతి ప్రయాణం అంటే కొండ కింద దిగాలా, కొండ మీద దిగాలా అన్నది మా అమ్మమ్మ ఇంట్లో బయల్దేరకముందే తేల్చేసేది. తెల్లవారుజామున సేవ ఉంటే ముందురోజు రాత్రికి కొండ మీదే గది కావాలి. తిరుచానూరు, కాళహస్తి కూడా చూసుకోవాలంటే కిందే సుఖం. ఆవిడ బడి మొహం చూడలేదు. అయినా పనిని బట్టి బస చూసుకోవాలని ఆవిడకి తెలుసు. చదువుకున్న మనం మాత్రం ఫోన్లో హోటల్ ఫొటోలు చూసి, అద్దె చూసి, పొద్దున టిఫిను ఉచితమా కాదా చూసి గది తీసుకుంటున్నాం. ఆ గది ఊళ్లో ఏ మూల ఉందో దిగాక చూసుకుంటున్నాం.

నేనూ అలాగే మొదలుపెట్టాను. 1993లో కంపెనీ నన్ను మూడు వారాల పని మీద బొంబాయి పంపింది. ఆఫీసు ఫోర్ట్ ప్రాంతంలో, వి.టి. స్టేషనుకి నడిచి వెళ్లే దూరం. నాతో చదువుకున్న స్నేహితుడొకడు డోంబివిలిలో గది తీసుకుని ఉండేవాడు. "గదికి డబ్బులెందుకు దండగ, నా దగ్గరికి వచ్చెయ్" అన్నాడు. వెళ్లిపోయాను. డోంబివిలి నుంచి వి.టి.కి దాదాపు 50 కిలోమీటర్లు. మన ఊరి లెక్కలో 50 కిలోమీటర్లంటే బస్సులో కూర్చుని ఒక కునుకు తీయడం. అక్కడ పొద్దున ఎనిమిదింటికి లోకల్ రైలెక్కడమంటే ఏమిటో మొదటిరోజే తెలిసింది. రెండు బళ్లు వదిలేశాను. మూడోది నేను ఎక్కలేదు, వెనకున్నవాళ్లు ఎక్కించారు. ఆఫీసుకి చేరేసరికి చొక్కాకి రెండు గుండీలు లేవు. నాలుగో రోజుకి డ్రాయింగు ముందు కూర్చుంటే కళ్లు మూతలు పడుతున్నాయి.

మా ఆఫీసులో రిటైరవబోతున్న ఒక మరాఠీ పెద్దాయన ఉండేవారు. నా అవస్థ చూసి, "బొంబాయిలో ఎక్కడ ఉంటున్నావని అడక్కూడదు బాబూ, ఏ లైనులో ఉంటున్నావని అడగాలి" అన్నారు. కాగితం మీద రెండు గీతలు గీశారు. ఒకటి చర్చిగేట్ నుంచి ఉత్తరంగా పోయే వెస్టర్న్ లైను. ఇంకోటి వి.టి. నుంచి పోయే సెంట్రల్ లైను. రెండూ దగ్గరకొచ్చే చోట చుక్క పెట్టి, దాదర్ అని రాశారు. "పొద్దున జనమంతా దక్షిణానికి దిగుతారు, సాయంత్రం ఉత్తరానికి ఎక్కుతారు. ఇది సముద్రం పోటూపాటూ లాంటిది. దానికి ఎదురు వెళ్లేలా ఉండు, లేదా నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండు" అన్నారు.

ఆ వారమే దాదర్‌లో చిన్న లాడ్జి గదికి మారాను. రెండేళ్ల తర్వాత ఠాణేలో పని పడితే మళ్లీ దాదర్‌లోనే దిగాను. దాదర్ నుంచి ఠాణే దాదాపు పాతిక కిలోమీటర్లు. అయినా పొద్దున కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటూ వెళ్లేవాణ్ణి. పక్క పట్టా మీద ఎదురొచ్చే బళ్లలో జనం తలుపులు పట్టుకుని వేలాడుతూ ఉండేవాళ్లు. ఊరు అదే, లైను అదే, వేళ కూడా అదే. నేను వెళ్లే దిక్కు మాత్రం వేరు.

అప్పటినుంచి ఏ ఊరు వెళ్లినా గది అద్దె చూసేముందు నన్ను నేను నాలుగు ప్రశ్నలు వేసుకునేవాణ్ణి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది హైదరాబాదు కాబట్టి ఆ ఊరినే పెట్టుకుని చెబుతాను.

మొదటి ప్రశ్న: పని ఎక్కడ? ఎన్నిసార్లు? ఒక్కసారి వెళ్లి వచ్చే చోటు ఎంత దూరమైనా ఇబ్బంది లేదు. పెళ్లికి ఊరి ఆ చివరికి వెళ్లి రావచ్చు. రోజూ వెళ్లాల్సిన చోటో, పొద్దున్నే వేళకు చేరి తీరాల్సిన చోటో ఉంటే దాని దగ్గరే ఉండాలి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లడానికి వీసా కోసం మన ఊరి నుంచి వెళ్లే అమ్మానాన్నల్ని చూడండి. ఒకప్పుడు కాన్సులేటు బేగంపేటలో ఉండేది. సికింద్రాబాదు స్టేషను దగ్గర దిగితే సరిపోయేది. 2023లో కాన్సులేటు నానక్‌రామ్‌గూడకు మారింది. వేలిముద్రలిచ్చే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషను కింది అంతస్తులోకి వెళ్లింది. రెండూ పడమటి వైపే. ఇంకా పాత అలవాటు కొద్దీ సికింద్రాబాదులో దిగి, పొద్దున ఎనిమిదింటి అపాయింట్‌మెంటుకి ఐదింటికే లేచి పరుగులు పెట్టేవాళ్లున్నారు. మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఒక్క రాత్రి గది తీసుకుంటే ఇడ్లీ తిని నింపాదిగా వెళ్లొచ్చు.

రెండో ప్రశ్న: దారిలో ఎన్నిచోట్ల మారాలి? కుర్రాళ్లకి మారడం లెక్కలోది కాదు. డెబ్బై ఏళ్ల మనిషికి ఒక మార్పు అంటే మెట్లు, ఎస్కలేటరు, సంచీ, మందుల కవరు, "ఎటు వైపు బాబూ" అని పదిమందిని అడగడం. హైదరాబాదు మెట్రోకి ఇప్పుడు మూడు లైన్లున్నాయి. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా ఒకటి. నాగోలు నుంచి సికింద్రాబాదు, అమీర్‌పేట మీదుగా రాయదుర్గం దాకా రెండోది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా మూడోది. మొదటి రెండూ కలిసేది అమీర్‌పేటలో. అందుకే ఒకటికి రెండు చోట్ల పనులుంటే అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతం మంచిది. నిమ్స్ ఆసుపత్రిలో పని ఉన్నా అదే మంచిది. ఎర్రమంజిల్, పంజగుట్ట స్టేషన్లు దానికి దగ్గర. ఒకే చోట పని ఉన్నప్పుడు మాత్రం ఆ చోటు ఏ లైను మీదుందో చూసి, అదే లైను మీద గది చూసుకోండి. రెండు స్టేషన్లు దూరమైనా ఫర్వాలేదు, బండి మారకుండా ఉంటే చాలు.

ఇక్కడ ఒక మాట. గాంధీ ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు గాంధీ భవన్ స్టేషన్లో దిగిపోతుంటారు. గాంధీ భవన్ నాంపల్లి వైపు, మియాపూర్ లైను మీద ఉంది. ఆసుపత్రి ముషీరాబాదులో, బస్ స్టేషన్లను కలిపే లైను మీద ఉంది. ఆ స్టేషను పేరే గాంధీ హాస్పిటల్. పేర్లు కలిశాయని చోట్లు కలవవు.

మూడో ప్రశ్న: ఏ వేళకి, ఏ దిక్కుకి? బొంబాయి పెద్దాయన చెప్పిన పోటూపాటూ హైదరాబాదులోనూ ఉంది. పొద్దున తూర్పు నుంచి పడమటికి, హైటెక్ సిటీ వైపు జనం పోతారు. సాయంత్రం అదే జనం వెనక్కి వస్తారు. మీ పని హైటెక్ సిటీ వైపు ఉంటే అటువైపే దిగండి. మీ పని కోఠీలోనో అఫ్జల్‌గంజ్‌లోనో ఉంటే కొండాపూర్‌లో మంచి గది చవగ్గా దొరికిందని దిగకండి. మ్యాపులో దూరం చూసేటప్పుడు కూడా రాత్రి పదకొండింటికి ఇంట్లో కూర్చుని చూడకండి. మీరు బయల్దేరబోయే వేళకే, పని రోజునే తెరిచి చూడండి. అరగంట అన్నది గంటంపావు అవుతుంది.

నాలుగో ప్రశ్న: రాత్రి పదింటికి ఆ వీధి ఎలా ఉంటుంది? మందుల షాపు తెరిచి ఉంటుందా? జావ, పెరుగన్నం దొరుకుతాయా? ఆడవాళ్లు ఒంటరిగా ఆటో దిగి లోపలికి నడిచి రాగలరా? లిఫ్టు ఉందా, ఉంటే పనిచేస్తుందా? ఇవి ప్రకటనలో ఉండవు. లాడ్జివాళ్లకి ఫోను చేసి అడగాలి. ఒకసారి నేను అడక్కుండా మంచి గది అనుకుని దిగాను. గది మంచిదే. వెనక గోడకి అవతల ఫంక్షన్ హాలు. పెళ్లి ముహూర్తం రాత్రి రెండింటికి. ఆ పెళ్లికి పిలుపు లేకుండా వెళ్లిన అతిథిని నేనొక్కణ్ణే. వధూవరులు సుఖంగా ఉన్నారనే అనుకుంటున్నాను.

మన భాషలో బండి దిగడానికీ బస చేయడానికీ ఒకటే మాట. "ఎక్కడ దిగావు?" అంటే రెండూ వస్తాయి. రెండూ కలిపి ఆలోచించాలి కూడా. మన వైపు నుంచి హైదరాబాదు వెళ్లే రైళ్లన్నీ సికింద్రాబాదుతో ఆగవు. కొన్ని లింగంపల్లి దాకా పోతాయి. పడమటి వైపు పని ఉంటే అవే నయం. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచాక కొన్ని బళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. చర్లపల్లికి మెట్రో లేదు. టికెట్టు మీద చివరి స్టేషను పేరు చూసుకోకపోతే తెల్లవారుజామున అక్కడ దిగి ఆటోవాళ్లతో బేరాలాడాలి. బెంగుళూరులో మీ పిల్లలు వైట్‌ఫీల్డ్ వైపు ఉంటే సిటీ స్టేషను దాకా పోయి మళ్లీ వెనక్కి రావద్దు. కాట్పాడి మీదుగా వెళ్లే బళ్లు చాలావరకు కృష్ణరాజపురంలో ఆగుతాయి, అక్కడ మెట్రో కూడా ఉంది. చెన్నైకి బస్సులో వెళితే కోయంబేడు అనుకుని బయల్దేరకండి. 2018 నుంచి ఆంధ్ర బస్సులకు మాధవరంలో వేరే స్టాండు పెట్టారు. ఢిల్లీలో ఎయిమ్స్‌కి వెళ్లేవాళ్లకి న్యూఢిల్లీ స్టేషను దగ్గర నుంచే మెట్రో పసుపు లైను ఉంది. ఎక్కడా మారకుండా ఎయిమ్స్ పేరుతోనే ఉన్న స్టేషన్లో దిగొచ్చు. పదేళ్ల కిందట వెళ్లివచ్చినవాడి సలహా ఎంత ప్రేమతో చెప్పినా పాతబడి ఉంటుంది. మొన్న వెళ్లివచ్చినవాణ్ణి అడగండి.

ఇదంతా విని "అబ్బో, బాగా తెలిసినవాడే" అనుకుంటున్నారేమో. తెలిసినవాణ్ణే. ఆ తెలివి నాకు అన్నిటికన్నా అవసరమైన రోజున అక్కరకు రాలేదు. అది చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

మా నాన్న సొసైటీలో గుమాస్తాగా మీలో చాలామందికి తెలుసు. ఎరువుల బస్తాలకి చీటీలు రాసిచ్చేది ఆయనే. 2009లో ఆయనకి గొంతులో కాన్సర్ అని తేలింది. బంజారాహిల్స్‌లోని ఆసుపత్రిలో రేడియేషన్ ఇవ్వాలన్నారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు, మొత్తం 30 సిట్టింగులు. నేను అప్పుడు గుజరాత్‌లో సైటు మీద ఉన్నాను. మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, వనస్థలిపురంలో ఉండేది. విషయం తెలియగానే ఫోను చేసింది. "ఊళ్లో నేనుండగా అన్నయ్య లాడ్జిలో దిగుతాడా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అంది. నాకూ మనసు కుదుటపడింది. సొంత మనిషి ఇల్లు, వేళకి అన్నం, అమ్మకి తోడు. ఇంకేం కావాలి? "సరే అత్తయ్యా" అన్నాను. నేను వేసుకునే నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ వేసుకోలేదు.

వనస్థలిపురం ఊరికి ఆగ్నేయాన ఉంది. బంజారాహిల్స్ దాదాపు 20 కిలోమీటర్లు. అప్పటికి మెట్రో లేదు. ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, లక్డీకాపూల్, అన్నీ దాటాలి. మొదటి మూడు రోజులు నేను సెలవు పెట్టి వచ్చి కారులో తీసుకెళ్లాను. దూరమే అనిపించింది గానీ సర్దుకుంటారులే అనుకున్నాను. తర్వాత సైటుకి వెళ్లిపోయాను. అమ్మా నాన్నా ఆటోలో తిరిగారు. వెళ్లడానికి గంటన్నర, రావడానికి రెండు గంటలు. లోపల మెషీను మీద పడుకునేది పది నిమిషాలు. రెండు వారాలయ్యేసరికి గొంతు పుండైంది. లాలాజలం ఆరిపోయి గుక్క గుక్కకీ నీళ్లు కావాలి. నీళ్లు తాగితే దారిలో దిగాలి. దిగడానికి చోటుండదు. రోజూ సాయంత్రం నేను ఫోను చేసేవాణ్ణి. "బానే ఉందిరా" అనేవారు.

చికిత్స పూర్తయింది. నాన్న ఆ తర్వాత ఐదేళ్లు బతికారు. ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఉన్నాం. ఏదో మాట మీద మాట వచ్చి ఆయనే అన్నారు. "జబ్బు సంగతి ఎలా ఉన్నా, మలక్‌పేట రైలు వంతెన కింద ఆటో ఆగిపోయినప్పుడల్లా ఇంక ఇంటికి పోదాం అనిపించేదిరా. ఇరవై రెండో రోజున మానేద్దామనే అనుకున్నాను. మీ అమ్మకి చెప్పలేదు."

నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఏముంది? కాన్సర్ వైద్యానికి అప్పు చేసి డబ్బు పంపినవాణ్ణి, డాక్టర్లతో ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడినవాణ్ణి, ఆ దారి ఒక్కటీ చూడలేదు. రేడియేషన్ మధ్యలో మానేస్తే ఏమవుతుందో ఆ డాక్టర్లు నాకు చెప్పారు. మందు వల్ల కాదు, డబ్బు లేక కాదు, ఆటోలో కూర్చోలేక మా నాన్న ఆ అంచు దాకా వెళ్లి వచ్చారు.

తర్వాత లెక్క వేశాను. ఇంజనీరుని కదా, తప్పు జరిగాక లెక్క వేయడం అలవాటు. ఆటోకి పోనూ రానూ రోజుకి 400 రూపాయలు. ముప్పై రోజులకి 12,000. ఆసుపత్రి వెనక సందుల్లో వంటగదితో సహా నెలకి ఆరు వేలకి గదులు దొరికేవని తర్వాత తెలిసింది. నెలన్నరకి 9,000. అంటే మేము 'ఉచితంగా' ఉన్న ఇంటికి 3,000 ఎక్కువ ఖర్చు పెట్టాం. దారిలో గడిపింది రోజుకి మూడున్నర గంటలు, మొత్తం 105 గంటలు. మెషీను మీద గడిపింది ఐదు గంటలు.

మా అత్తయ్యని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆవిడ మోకాళ్ల నొప్పులతో తెల్లవారుజామున నాలుగింటికి లేచి క్యారేజీ కట్టేది. నాన్న పోయాక ఒకసారి ఆవిడ దగ్గర ఈ సంగతి తీశాను. ఆవిడ కాసేపు ఊరుకుని అంది: "అన్నయ్య నా ఇంట్లో ఉండాలని నేను పట్టుబట్టిన మాట నిజమేరా అబ్బాయ్. కానీ ఊళ్లన్నీ తిరిగినవాడివి, ఇంత దూరమత్తా అని ఒక్క మాట అనలేకపోయావా? అక్కడే గది తీసుకుని ఉంటే నేనే వచ్చి వండిపెట్టేదాన్ని కదా."

ఆ మాట నాకు ఎప్పుడూ తట్టలేదు. చుట్టాల ఇల్లు, కాకపోతే లాడ్జి. ఈ రెండే దారులనుకున్నాను. చుట్టాన్నే గదికి రమ్మని పిలవొచ్చని తోచలేదు. నేను అడగలేదు, మొహమాటపడ్డాను. ఆ మొహమాటం ఖరీదు మా నాన్న కట్టారు.

అందుకే ఇప్పుడు నా నాలుగు ప్రశ్నలకి ఐదోది చేర్చుకున్నాను: మనవాళ్లకి ఎలా చెప్పాలి? గది తీసుకున్నాక చెబితే నొచ్చుకుంటారు. తీసుకోకముందే ఫోను చేయండి. "అక్కడ దిగుతున్నాం" అని కబురు చెప్పినట్టు కాకుండా, "పొద్దున ఏడింటికి రక్తపరీక్ష, పరగడుపున వెళ్లాలి, ఏం చేద్దాం?" అని సలహా అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది వాళ్లే "అయితే అక్కడే ఉండండి" అంటారు. ఆదివారం భోజనానికి వాళ్లింటికి వెళ్లండి. పనంతా అయ్యాక బండెక్కే ముందురోజు రాత్రి వాళ్లింట్లో పడుకోండి. అప్పుడు మీకూ వాళ్లకీ తీరిక ఉంటుంది, కబుర్లూ ఉంటాయి.

పట్నాల్లో ఉంటున్న మనవాళ్లకి కూడా ఒక మనవి. ఊరి నుంచి ఎవరైనా వస్తున్నామని ఫోను చేస్తే "మా ఇంట్లోనే దిగాలి" అని ఒట్టు పెట్టకండి. ముందు "పని ఎక్కడ?" అని అడగండి. మీ ఇల్లు దగ్గరైతే రమ్మనండి. దూరమైతే ఆ పని దగ్గర మంచి గది వెతికిపెట్టండి. సాయంత్రం అన్నం పట్టుకుని మీరే వెళ్లండి. ఊరి మనిషిని ఆదరించడమంటే మన గుమ్మంలోకి తేవడమే కానక్కర్లేదు. అతనికి ఓపిక మిగిల్చినా ఆదరించినట్టే.

చివరగా ఒక ప్రతిపాదన. ఈ యాభై ఏళ్లలో మన సంఘం బడికి గదులు కట్టింది, బోరు వేసింది, స్కాలర్‌షిప్పులిచ్చింది. ఖర్చు లేని పని ఇంకొకటి చేద్దాం. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, చెన్నై, బెంగుళూరు, ఎక్కడ మన పూర్వ విద్యార్థులుంటే అక్కడివాళ్లు ఒక్కో కాగితం రాసివ్వండి. మీ పేటకి దగ్గర్లో ఏ ఆసుపత్రి, ఏ పరీక్షా కేంద్రం, ఏ ఆఫీసు ఉంది? స్టేషను నుంచి ఎలా రావాలి? వంట చేసుకునే గదులు ఎక్కడ దొరుకుతాయి? రాత్రి వేళ మందుల షాపు ఏది? ఒక కాగితం చాలు. మీరు స్వయంగా చూసినవే రాయండి. విన్నవి వద్దు. ఏడాదికొకసారి తిరిగి సరిచూసుకుందాం, ఎందుకంటే ఊళ్లు మారిపోతుంటాయి. వాటన్నిటినీ సంఘం కార్యాలయంలో ఒక ఫైలుగా పెడదాం. ఈ ఊళ్లో ఎవరికి పట్నం పని పడినా, వాళ్లు మన బడిలో చదివినా చదవకపోయినా, వచ్చి చూసుకోవచ్చు.

బంజారాహిల్స్ ఆసుపత్రి చుట్టుపక్కల సంగతి రాసిన కాగితం నేను తెచ్చాను. కిందటి నెల రెండు రోజులు అక్కడే గది తీసుకుని, సందు సందూ నడిచి రాశాను. పదిహేనేళ్లకు పైగా ఆలస్యంగా చేసిన పని. దాన్ని ఇప్పుడు కార్యదర్శి గారికి ఇస్తున్నాను. మిగతా కాగితాల కోసం భోజనాల దగ్గర, మంచినీళ్ల కుండ పక్కన, తెల్లకాగితాలూ పెన్నులూ పెట్టించాను. చెయ్యి కడుక్కునేముందు ఒకటి రాసి వెళ్లండి.